ముందు తర్కం

"తర్కం మొదటి సెమిస్టర్లోనే పెట్టండి సార్," అన్నాడు అబ్రహాం.

గురుదత్ పెన్ను ఆగిపోయింది. కౌతాళం పక్క పల్లె నుంచి కూతురు జ్యోత్స్నను వెంటబెట్టుకుని పొద్దుటి బస్సుకు ఆదోని కాలేజీకి వచ్చిన కూలీ మనిషి నోట తర్కమన్న మాట వస్తుందని అతను అనుకోలేదు. చర్చిలో పాస్టరు ప్రసంగంలో విని ఉంటాడులే అని సరిపెట్టుకుని, కాగితం మీద సెమిస్టర్లకు గీసిన మొదటి గడిలో తర్కశాస్త్రం అని రాశాడు.

ఆ కాలేజీలో ఫిలాసఫీ సెక్షనుకు ఉన్నది ఒకే గది, ఒకే లెక్చరరు, గురుదత్. ఏ సెమిస్టర్లో ఏ పేపరన్నది కూడా అతని ఇష్టమే. ఎందుకంటే అడిగేవాళ్లు లేరు. ఈ ఏడాది ఒక్కరైనా చేరకపోతే సెక్షను ఎత్తేస్తామని ప్రిన్సిపాలు తేల్చి చెప్పాడు. సెక్షనుతో పాటు గురుదత్ ఉద్యోగమూ పోతుంది. అందుకే ఎండాకాలమంతా కరపత్రాలు పట్టుకుని ఎమ్మిగనూరు నుంచి కౌతాళం దాకా గడప గడపా తిరిగాడు. అబ్రహాం ఇంటి ముందర నిలబడి, "ఇది చదివితే సర్కారు ఉద్యోగం ఖాయమప్పా, పూచీ నాది" అన్నాడు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఆ రోజు బాగానే అతికింది. ఇప్పుడు అదే అతని మనసుకు అతుక్కుని ఊడి రావడం లేదు.

"నీతిశాస్త్రం ఎప్పుడుంటాది సార్?" జ్యోత్స్న అడిగింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు గురుదత్ ఉలిక్కిపడ్డాడు.

"అది... రెండో ఏడు చూద్దాంలేమ్మా."

అబ్రహాం చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అడగాల్సిన సందేహాలన్నీ వరుసగా రాసి ఉన్నాయి. ముత్యాల్లాంటి అక్షరాలు.

"నీ దస్తూరీ బాగుందమ్మా," అన్నాడు గురుదత్.

జ్యోత్స్న తండ్రి వైపు చూసి తల దించుకుంది.

"జనవరి తర్వాత బరువు పేపర్లు వద్దు సార్," అన్నాడు అబ్రహాం. "సుగ్గి కదా. నేనూ, నా పెండ్లామూ గుంటూరు పక్క మిరపకాయలు కొయ్యను పోతాం. ఈ పాప మాయమ్మ వీరమ్మను సూసుకుంటా ఈడ సదువుకోవల్ల."

"ముందు ఈ పిల్ల కూడా సుగ్గికి వచ్చేదా?"

"ఐదేండ్లుగా వస్తాండె. ఈసారి నిలిపేసినా. రెండు చేతులు తక్కువైతాయి. కానీలే సార్, సదువు కదా."

మిరప ఘాటుకు నల్లబడి పగుళ్లిచ్చిన అతని వేళ్లను చూడలేక గురుదత్ మొహం తిప్పుకున్నాడు. ఎదురుగా గోడ మీద దండ వేసిన తన తండ్రి పటం. వాదిరాజ గారు ముప్పై ఏళ్లు ఆ గదిలోనే పాఠాలు చెప్పి పోయారు. ఇందాక అబ్రహాం వస్తూనే గుమ్మం బయట చెప్పులు విడిచి, ఆ పటానికి రెండు చేతులూ జోడించాడు. దండ కనిపిస్తే చాలు దండం పెట్టే అమాయకుడు, ఇటువంటి వాడినా నేను మోసం చేస్తున్నది అనుకున్నాడు గురుదత్ అప్పుడు.

కాగితం మీద గడులన్నీ నిండాయి. ఇక దరఖాస్తులో తండ్రి సంతకమే మిగిలింది. గురుదత్ సొరుగులోంచి ఇంకు ప్యాడు తీసి ముందుకు జరిపాడు.

"ఈడ వేలిముద్ర వెయ్యప్పా."

"సార్, మా నాయన..." అంటూ జ్యోత్స్న లేవబోయింది.

అబ్రహాం ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పిల్ల మళ్లీ కూర్చుంది. అతను ప్యాడు వైపు ఒక్క క్షణం చూసి, చిన్నగా నవ్వి, బొటనవేలు అద్ది ముద్ర వేశాడు. తండ్రికి చదువు రాదని పిల్ల నొచ్చుకుంది కాబోలు అని గురుదత్‌కు జాలేసింది.

ఆ నీలి ముద్రను చూసేసరికి ఇక అతని వల్ల కాలేదు.

"అబ్రహాం, నీకొక మాట చెప్పల్ల. మీ ఇంటికాడ నేను చెప్పింది అబద్ధమప్పా. దీంతో ఉద్యోగం రాదు. నా కొలువు నిలబెట్టుకునేదానికి నీ బిడ్డను లాక్కొచ్చినా. తప్పయిపోయింది. ఈ దరఖాస్తు చింపేస్తా. కామర్సులో సీట్లుండాయి, నేనే దగ్గరుండి చేర్పిస్తా."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. చెయ్యి మాత్రం దరఖాస్తు మీదికి పోయింది. అంతకన్నా ముందే అబ్రహాం దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"సింపొద్దు సార్. ఉద్యోగం రాదని నాకు తెలుసు."

"తెలుసా? తెలిసీ ఎందుకు తెచ్చినావు?"

"మిరపసేన్లో కాయలు కోస్తా కోస్తా ఈ పాప అడుగుతాంటాది సార్. సావంటే ఏంది, న్యాయమంటే ఏంది, ప్రతి ఏడూ మనమే యాల ఇంత దూరం రావల్ల అని. నాకు తెలిసిన కాడికి సెప్తా వచ్చినా. అది అయిపోయింది. ఇంక మీరు సెప్పల్ల."

గురుదత్ అయోమయంగా చూశాడు.

"అది సరేనప్పా. ఉద్యోగం రాదని నీకెవరు చెప్పినారు?"

అబ్రహాం బొటనవేలికి అంటిన ఇంకును పంచె అంచుకు మెల్లగా తుడుచుకున్నాడు. గోడ మీది పటం వైపు చూశాడు.

"ఆ సారు దగ్గర నేనూ ఫిలాసఫీలో బీఏ చేసినా, సార్."