మంచె ఉన్న చోటు

"మాస్కు తియ్యకుర్రి సార్. జర చేను సంగతి చెప్తే చాలు," అన్నాడు లస్మయ్య, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెడుతూ.

వీరరాఘవులు తలూపి కుర్చీలో కూర్చున్నాడు. దీపావళి సెలవులకు సూరత్ పక్కనున్న సచిన్‌లో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆయన ఆయాసం గది అంతా వినిపిస్తోంది. కరోనా వచ్చి తగ్గినా ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. కూతురి ఇంటి నుంచి ఆటోలో ఇంత దూరం రావడమే ఆయనకు పెద్ద పని.

లస్మయ్య భార్య సారక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"సారుకు నీళ్లియ్యరాదూ?"

"బిందె ఆడనే ఉన్నది. ముంచుకొమ్మను."

"దానికి కరోనా భయం సార్," అని లస్మయ్య నవ్వబోయాడు.

"దూరంగా ఉండడమే మంచిదమ్మా," అన్నాడు వీరరాఘవులు.

కిందటి ఆదివారం డుమస్ బీచ్‌లో, మాస్కు దించి టమాటా భజియా తింటున్న ఆయన్ను లస్మయ్యే గుర్తుపట్టాడు. ఇద్దరూ సముద్రం ముందు కూర్చుని అడవి గురించే మాట్లాడుకున్నారు.

ఫోన్లో ఊరి గ్రామసభ కనిపించింది. పోడు పట్టాల కోసం దరఖాస్తులు తీసుకుంటున్నారు. కమిటీ పెద్ద సోమలింగం ముందుకు వంగాడు.

"అల్లుడా, నీ చేన్ల గుడిసె లేదు, మంచె లేదు. ఎన్కటి నుంచి దున్నుతున్నవని ఎట్ల రాయాలె?"

"కాలినయి యాడికెల్లి తేవాలె మామా? అందుకే సాక్షిని తెచ్చిన."

"గదే మంచిగైంది. మేమందరం నీ చుట్టాలమాయె. బయటోళ్లు చెప్తే బలముంటది. లేకుంటే సర్కారోళ్లు ఆ చేన్ల టేకు మొక్కలు వెడ్తరట."

లస్మయ్య మెల్లగా అన్నాడు, "పట్టా వస్తే బోరు ఏసుకుంట సార్. బ్యాంకోడు లోనిస్తడు. గీ మరమగ్గాల సాంచల చప్పుడు ఇడిసి పోత."

వీరరాఘవులు కళ్లు మూసుకున్నాడు.

"తూర్పున వాగు. ఒడ్డున రెండు ఇప్పచెట్లు, ఒకదానికి పిడుగు పడి సగం నల్లబడింది. దాని కింద చెలిమె. ఆ నీళ్లు నేనూ తాగాను, చాలా తియ్యన. చేను నడుమ మంచె. నాలుగు కాళ్లూ మద్దికర్రవే. రెండువేల రెండులో జొన్న నా తల దాటి పెరిగింది. కంకులు పాలు పోసుకుంటున్నాయి."

లస్మయ్య ముక్కులో ఏళ్లుగా పేరుకున్న మగ్గం నూనె వాసన పోయి, ఇప్పపూల వాసన సోకింది.

"ఇప్పకొమ్మకు చీర ఉయ్యాల, అందులో పసిబిడ్డ. ఈ అమ్మ మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని కొడుతోంది. పాట పాడుతోంది."

సారక్క గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

"ఏం పాట?"

"మాటలు వినపడలేదమ్మా. నన్ను చూడగానే ఆపేశావు."

ఆమె కొంచెంసేపు ఆయన్నే చూసింది. తర్వాత బిందెలోంచి గ్లాసు ముంచి ఆయన పక్కన పెట్టింది.

అవతల సోమలింగం సంబరపడ్డాడు. "కండ్లకు కట్టినట్టు చెప్పిండు. ఎవలు సారు మీరు, బడి పంతులా? జర మాస్కు తియ్యుర్రి. మొఖం చూడందే రాసుకోమంటున్నరు."

లస్మయ్య కంగారుపడ్డాడు. "మాస్కెందుకు మామా, అసలే పానం బాగలేదు..."

వీరరాఘవులు సారక్క వైపు చూశాడు.

"తియ్యి సారూ," అంది ఆమె. "మా అత్త సుత ఆడనే ఉన్నది."

ఆయన మాస్కు తీసి ఫోనుకు ముఖం చూపించాడు. జనాన్ని పక్కకు నెట్టుకుంటూ లస్మయ్య తల్లి బాలవ్వ ముందుకొచ్చి, కళ్లు చికిలించి చూసి అంది:

"గీ ఫారెస్టు సారే గదా మన మంచెకు అగ్గివెట్టింది."