సర్పంచి నోటి మాట

“సర్పంచి గారిని అడుగుతున్నానయ్యా, మిమ్మల్ని కాదు” అన్నాడు వేణుమాధవ్, పళ్ళు బిగపట్టి.

“అడగండి సార్, ఎవురొద్దన్నారు? ఆయమ్మకు తెల్సిందంతా నాకూ తెల్సు” అన్నాడు హనుమంతరాయుడు.

ఆయన భార్య గంగాదేవి ఆ ఊరి సర్పంచి. పంచాయతీ ఆఫీసులో సర్పంచి కుర్చీలో కూర్చున్నది మాత్రం ఆయన. ఆమె తలుపు పక్కన బెంచీ చివర ఒదిగి కూర్చుంది.

వేణుమాధవ్ హిందూపురంలో వకీలు. భార్య కీర్తనను వెంటబెట్టుకుని పొద్దున్నే పెనుకొండ దాటి ఈ పల్లెకు వచ్చాడు. థీసిస్‌లో ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. పదవుల్లో ఆడవాళ్ళ వాటా గురించి ఏ దేశపు రాజ్యాంగం ఏం చెప్పింది, ఊళ్ళలో జరుగుతున్నదేమిటి అన్నది విషయం. ఒక మహిళా సర్పంచి సొంత మాటలు అందులో ఉండి తీరాలి. సోమవారానికి యూనివర్సిటీకి ఇవ్వకపోతే ఇన్నేళ్ళ శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. నిన్న ధర్మవరం వైపు తిరిగిన రెండు పల్లెల్లోనూ మొగుళ్ళే మాట్లాడారు. అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

“మీరు చెప్పండమ్మా. గ్రామసభ ఎవరు నడుపుతారు?”

గంగాదేవి నోరు తెరిచేలోపే “నేనే సార్” అన్నాడు మొగుడు.

కీర్తన ఫోన్‌లో రికార్డింగ్ ఆపి, “ఏమండీ, ముందు ఆమెను ఊరి సంగతులు…” అనబోయింది.

“నువ్వుండు కీర్తనా!” అని వేణుమాధవ్ హనుమంతరాయుడి మీదికి తిరిగాడు. “చూడండి. రువాండా రాజ్యాంగం ఆడవాళ్ళకు ముప్ఫై శాతం ఇవ్వాలంది. నేపాల్ పార్లమెంటులో మూడో వంతు వాళ్ళకే. ఫ్రాన్సయితే ఆడవాళ్ళ కోసం రాజ్యాంగాన్నే సవరించుకుంది. మన దగ్గర సర్పంచి పదవుల్లో సగం ఆడవాళ్ళవి. ఏం లాభం? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు మధ్యలో మీరు!”

“మా పక్క ఇట్లే సార్. ఆడోళ్ళ పేరుతో గెలుస్తాం, మొగోళ్ళం చూసుకుంటాం. పాపం, ఆయమ్మకు శ్రమెందుకని.”

వేణుమాధవ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. “శ్రమ తగ్గించడమా ఇది? నోరు నొక్కడం! కాసేపు బయటుండండి.”

హనుమంతరాయుడు గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. కీర్తన మళ్ళీ రికార్డింగ్ నొక్కింది. గంగాదేవి కొంగు సర్దుకుంది.

“బోరు మోటరు కాలిపోతే ఆడోళ్ళు బిందెలెత్తుకోని నా కాడికే వస్తారు సార్. ఆఫీసర్లు మాత్రం ఆయప్పకు ఫోన్ చేస్తారు. నన్నడిగితే కొత్త పైపు ముందు కాలనీకి ఏయిస్తా. ఎవురూ అడగరు.”

వేణుమాధవ్ ఉప్పొంగిపోయాడు. మూడు ఊళ్ళు తిరిగితే ఇప్పటికి దొరికింది మాట.

గంగాదేవి కీర్తన వైపు చూసింది. “ఏమ్మా, నువ్వేమీ మాట్లాడకపోతివే? ఏం చదివినావు?”

“ఆమె కూడా లా చదివిందిలేమ్మా” అన్నాడు వేణుమాధవ్.

కారు హిందూపురం దారి పట్టగానే ఫోన్ మోగింది. యూనివర్సిటీ నుంచి గైడు మేడమ్. అతను స్పీకర్ నొక్కాడు.

“నమస్తే మేడమ్! ఆఖరి అధ్యాయానికి అద్భుతమైన సరుకు దొరికింది. ఆడవాళ్ళను నోరెత్తనివ్వని మొగుళ్ళను కడిగి పారేయాలి.”

“సంతోషం. ఫోను ఒకసారి కీర్తనకివ్వండి.”

“పర్లేదు మేడమ్, ఏదున్నా నాతో చెప్పండి.”

“థీసిస్ ఆమెది కదండీ!”