వెనక పిలుపు

"నాయనా!"

సగం ఆట ముగిసి పక్కలు మారాయి. సముద్రం వైపు గోల్లో పద్మనాభం నిలబడ్డాడో లేదో, వెనక నుంచి ఎవరో పిలిచారు.

ఉలిక్కిపడి తిరిగాడు.

గోలుకు కట్టింది చేపల వల. దాని వెనక ఇసుకలో ఒక ముసలామె గొంతుక్కూర్చుని ఉంది.

"ఎందుకవ్వా పిలిచినావు?"

"ఏం లేదు నాయనా. జాగర్త."

పద్మనాభానికి ఒళ్ళు మండింది. గడప దాటేవాణ్ణే వెనక నుంచి పిలవకూడదంటారు. ఆట మొదలవబోతుంటే గోలీని పిలుస్తారా?

గోలు కాసేవాళ్ళకు నమ్మకాలెక్కువ. పద్మనాభానికి మరీ ఎక్కువ. స్తంభం మొదట్లో నిమ్మకాయ పెట్టనిదే బంతి ముట్టడు.

అందులోనూ ఈ రోజు మామూలు రోజు కాదు.

నెల్లూరు జట్టు పాత గోలీకి ఒంగోలు బదిలీ అయింది. వచ్చే నెలలోనే జిల్లా పోటీలు. అంతకుముందు చెయ్యి తిరగడానికని, మైపాడు పక్కనున్న ఈ జాలర్ల ఊరితో స్నేహపు ఫుట్‌బాల్ ఆట పెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ గట్టు మీద కూర్చుని అందరి చొక్కాలకూ కాపలా కాసిన పద్మనాభాన్ని మొదటిసారి గోల్లో నిలబెట్టారు.

"ఈరోజు కాసినావంటే చోటు నీది. లేదా, మళ్ళీ చొక్కాలే," అని కెప్టెన్ హజరత్తయ్య బస్సులోనే చెప్పేశాడు.

సరుగుడు తోపుకూ సముద్రానికీ నడుమ చదును చేసిన నేల అది. సరుగుడు వాసాలే స్తంభాలు. ఊరు ఊరంతా గీత మీదే ఉంది. ఒడ్డుకు లాగిన పడవల మీద నిలబడి కుర్రాళ్ళు ఈలలు వేస్తున్నారు. చేపల బుట్టలు దించి ఆడవాళ్ళు కేకలు పెడుతున్నారు. డప్పు ఆగడం లేదు.

నెల్లూరు అప్పటికే ఒక గోలు కొట్టింది.

మొదటి సగంలో ఆ ముసలామె తమ ఊరి గోలీని కూడా "నాయనా" అని పిలవడం పద్మనాభం దూరం నుంచి విన్నాడు. తల్లి కాబోలు. కొడుకు గోలు తిన్నాడన్న కడుపుమంటతో ఇప్పుడు తనకు అపశకునం పెడుతోంది!

ఈల మోగింది.

"నాయనా, ఎడం పక్క!"

ఎడమకు దూకాడు. తోలు బంతి అరచేతుల్లో ఫెడేలున తగిలింది. డప్పు రెట్టించింది.

"నాయనా, వంగు!"

వంగాడు. బంతి పొట్టకు అతుక్కుంది. ఎదుటి ఊరివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. "ఏం పట్టినాడురా బక్కోడు!" అని ఎవరో అరిచారు.

ఒళ్ళంతా గాలిలో తేలుతున్నట్టుంది. అయినా ఆ పిలుపు మాత్రం వీపు మీద ముల్లులా గుచ్చుతోంది.

"నాయనా..."

"అవ్వా! ఇంకోసారి వెనక నుంచి పిలిచినావంటే చూడు. నీ కొడుకు గోలు తిన్నాడని నాకు ఎసరు పెడతావా?"

దగ్గరున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పిలవను నాయనా," అంది ముసలామె. "వెనక నుంచి పిలవకూడదు. నాకు తెలుసు."

ఆట చివరికొచ్చింది. ఊరి కెప్టెన్ కామాక్షయ్య బంతితో ఎదురుగా దూసుకొచ్చాడు. పద్మనాభం అతని కాళ్ళ మీదికి దూకి బంతి లాక్కున్నాడు. కామాక్షయ్య ఇసుకలో జారి, గీత దాటి, స్తంభం పక్కన వెల్లకిలా పడ్డాడు.

"సెబాస్ పద్మనాభం!" హజరత్తయ్య నడిమైదానం నుంచి ఎగిరి గంతేశాడు.

చోటు దొరికినట్టే!

ఆ ఊపులో పద్మనాభం బంతిని నేల మీదికి దొర్లించాడు. గట్టిగా తన్ని అవతలి చివరకు పంపాలని రెండడుగులు వెనక్కి వేశాడు.

పడివున్న కామాక్షయ్య పిల్లిలా లేచాడు.

నెల్లూరు వాళ్ళు అరిచారు. డప్పులో ఏ మాటా వినపడలేదు.

కామాక్షయ్య వెనక నుంచి వచ్చి, బంతిని మునివేళ్ళతో లాగి, గోల్లోకి తోశాడు.

ఊరంతా మైదానంలోకి దూకింది.

పద్మనాభం తిరిగి చూశాడు. ఊగుతున్న వల వెనక ముసలామె లేచి నిలబడి ఉంది. రెండు చేతులతో కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

ఆట సమానంగా ముగిసింది.

"వెనక కూడా కళ్ళు పెట్టుకోరా స్వామీ!" అంటూ హజరత్తయ్య వీపు మీద చరిచాడు. "అయినా బాగా కాసినావు. చోటు నీదేలే."

పద్మనాభం ఎగిరి గంతేసి, నిమ్మకాయ కోసం గోలు దగ్గరికి పరిగెత్తాడు. ముసలామె అక్కడ లేదు. కామాక్షయ్య వల విప్పుతున్నాడు.

"మీ గోలీ తల్లి గట్టిదే అన్నా! నువ్వు లేస్తుంటే కళ్ళారా చూస్తా కూడా నోరు విప్పలా. ఎంతైనా మీ ఊరి మనిషి గదా!"

"మా గోలీకి తల్లి లేదు, అబ్బయా. ఆమె పేరమ్మ. మునుపు ఈ గోలు కాసింది ఆమె కొడుకు చిన్నపోలయ్య. ఈ వలా వాడిదే."

"ఆయన ఆడలేదే ఈరోజు? యాడుండాడు?"

కామాక్షయ్య సముద్రం వైపు చూసి, వల మడతపెట్టసాగాడు.

"ఇప్పుడు ఈ గోల్లో ఎవరు నిలబడినా ఆమెకు నాయనే. మీ వాళ్ళా, మా వాళ్ళా అని చూడదు."

తోపు అవతల బస్సు హారన్ మోగింది.

"పోయిన కార్తీకంలో వాడు పడవ నెట్టుకొని పోతా ఉంటే, తుఫాను మబ్బు లేస్తా ఉండేది ఒడ్డున ఆమె ఒక్కతే చూసింది," అన్నాడు కామాక్షయ్య. "వెనక నుంచి పిలవకూడదని, ఇట్టనే కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది."