ఎడమవైపు కొక్కెం

"ఆపుండ్రి! ఆ పరదా విప్పుండ్రి!"

ములుగు రోడ్డు చెక్‌పోస్టు దగ్గర జీపుకు అడ్డంగా నిలబడ్డాడు ఒక ముసలాయన. నెత్తికి తలపాగా, మోకాళ్లదాకా ధోవతి. ఒంటికి పెద్దదై భుజాలు జారిన ఖాకీ చొక్కా.

డ్రైవరు జమాలుద్దీన్ బ్రేకు తొక్కాడు. వెనక సోడాబుడ్లన్నీ ఒక్కసారి పళ్లు కొరికాయి.

పక్కసీట్లో రాయమల్లు అంతకన్నా గట్టిగా కొరికాడు. సుబేదారిలో గోలీసోడా కొట్టు ఆయనది. సోడా అమ్మేవాడికి సోదా అంటే ఒళ్లుమంట. పైగా అది ఎనభై నాలుగులో మేడారం జాతర. రెండేళ్లకోసారి అడవిలో జనం గొంతులు ఎండితేనే ఈయన గల్లా తడిసేది.

"ఏందే పెద్దమనిషీ, నీ లొల్లి?"

"వెనక ఇనుప గ్యాసు బుడ్డి ఉన్నదా?"

"సోడాల గ్యాసు గాక గంజి పోస్తరా?"

"దాని పక్కన మనుషులున్నరా?"

"నా పెండ్లామున్నది. నీకెందుకు?"

"మూసిన బండిల మనుషులతోని బుడ్డి తీస్కపోవద్దు. రూలొచ్చింది. బుడ్డన్న దించుండ్రి, ఆమెనన్న ముందట కూసోబెట్టుండ్రి."

బడిపుస్తకాల్లో ఆ గ్యాసు పేరు బొగ్గుపులుసు వాయువు. పచ్చిపులుసు తాగి పెరిగిన రాయమల్లు ఏ పులుసుకూ జడిసే మనిషి కాదు.

"వాసన లేదు, మంట లేదు. ఊరంత తాగి తేన్పుతాంది. గాలికి గూడ రూలేందే? గాలి రూలు!"

"వాసనుంటే మంచిగుండు," అన్నాడు ముసలాయన. "వెనక ఎడమదిక్కు కొక్కెం ఇరిగుంటది. తాడుతోని బిగించి కట్టుంటరు. ముందుగాల అది విప్పుండ్రి."

ఆయన ఇంకా జీపు వెనక్కి పోనే లేదు. కొక్కెం విరిగిన మాట నిజమే.

"చూసినవా జమాల్ భాయ్! పొద్దటిసంది మనెంట పడ్డట్టున్నడు దొంగోడు."

పరదా సందులోంచి సమ్మమ్మ తల బయటపెట్టింది. తల్లులకు ఎత్తు బంగారం మొక్కుకున్న మనిషి. ఆ జాతరలో బెల్లమే బంగారం. బెల్లం మూటలు, సోడాల పెట్టెలు, గ్యాసు బుడ్డి పోను మిగిలిన జాగాలో జీపు నేలమీద ఒదిగి కూర్చుంది.

"జర పరదా విప్పితే ఏమైతదయ్యా? లోపల ఈ బుడ్డి సుయ్యిమంటాంది గూడ."

"దుమ్ము పడితే బెల్లం ఖరాబైతది. తల్లులకు మన్ను పెడ్తవా?"

ఆమె ఒక సోడా కొట్టి ముసలాయనకు అందించింది.

"తాగు బాపూ. ఎండకు మొఖం గుంజుకపోయింది."

ఆయన సోడా పట్టుకున్నాడు గాని తాగలేదు.

"బిడ్డా, కింద పండుకోకు. ఆ గ్యాసు కిందనే చేరుతది. తల బయటనే పెట్టు."

"సరే తియ్," అని నవ్వింది.

లొల్లి విని జవాను వచ్చాడు.

"ఏ డిపార్ట్‌మెంటు నీది?"

"ఏదీ కాదు సారూ."

ఖాకీ ఉంది గాని, ఆయనకు జీతం బాకీ పడిన సర్కారేదీ లేదన్నమాట!

"మరి ఈ చొక్కా ఎందుకేసినవ్ రా?"

"ఈ బండి..."

మాట సగంలో ఉండగానే లాఠీ వీపు మీద పడింది. సోడా నేలపాలైంది.

రాయమల్లు జవానుకు రెండు సోడాలు కొట్టి ఇచ్చాడు. జవాను తాగాడు. చట్టం త్రేన్చింది. గేటు లేచింది.

రాయమల్లు వెనక్కి వెళ్లి, తాడు ముడి ఇంకోసారి బిగించి వచ్చి ఎక్కాడు. ముందు సీట్ల వెనకా పరదానే. దుమ్ము దూరే సందు లేదు.

"నకిలీ ఆఫీసరుకు లాఠీ, అసలు ఆఫీసరుకు గోలీ!" అని దారిపొడుగునా ఒకటే నవ్వు.

సగం దారిలో లోపలినుంచి గొంతు వినిపించింది.

"నిద్రొస్తాందయ్యా. తల నొస్తాంది."

"పండుకో మరి. జాతరల ఎట్లయిన జాగారమే."

ములుగులో చాయ్‌కి ఆపారు.

"సమ్మీ, చాయ్ తాగుతవా?"

పలకలేదు.

రాయమల్లు ముడి విప్పాడు. బెల్లం మీద ఒక్క దుమ్ము రవ్వ లేదు. సమ్మమ్మ బెల్లం మూటకు చెంప ఆనించి నేలమీద పడుకుని ఉంది. లేపితే లేవలేదు.

దవాఖానలో డాక్టరు ఆమె కళ్లు చూసి, నాడి చూసి, ఒకటే అడిగాడు. "పరదా ఎందుకు మూసిండ్రు?"

రాయమల్లు చేతిలో ఇంకా ఉన్న తాడుముక్కను జేబులో కుక్కుకున్నాడు.

తిరుగుదారిలో పరదాలన్నీ పైకి కట్టారు. చెక్‌పోస్టు దగ్గర ముసలాయన కంకర కుప్ప మీద అట్లాగే కూర్చుని ఉన్నాడు. జీపు ఆగింది. ఆయన వెనక్కి వెళ్లి, దుప్పటి కింద కాళ్లు చూసి, తలపాగా తీశాడు. తర్వాత విరిగిన కొక్కాన్ని వేలితో తడిమాడు.

"నిరుడు అగ్గువకు దొరికిందని కొన్న పెద్దయ్యా," అన్నాడు జమాలుద్దీన్. "ఈ కొక్కెం సంగతి నీకెట్ల ఎరుక?"

"నా కొడుకు మొగిలి నడిపిన బండి ఇది," అన్నాడాయన, ఆ ఖాకీ చొక్కా గుండీ సరిచేసుకుంటూ. "పోయిన జాతరకు దుమ్ము పడద్దని పరదా కట్టుకొని, ఈ బండిలనే, సోడాగ్యాసు బుడ్డి పక్కనే పండుకున్నడు."