రెండో వేలు

మిల్లు మేనేజరు అన్యాయం చేశాడు. మిల్లులో బస్తాలు మోసే మా బస్తాలక్క నడుంనొప్పి దొంగనొప్పని రాసి, ఆమెను మళ్లీ మోతపనికి పంపాడు.

అంతకుముందు మిల్లు పిలిపించిన ఫిజియోథెరపిస్టులు ఇద్దరు ఆమె నడుము నొక్కి చూశారు. పెద్దాయన వేలు కుడిపక్కన ఆగింది, ఎముక జరిగిందన్నాడు. రెండోవాడు జానెడు పైన, ఎడమపక్కన నొక్కి అదే మాట అన్నాడు. ఇద్దరికీ పొంతన లేదు కాబట్టి నొప్పే లేదని మేనేజరు తేల్చేశాడు.

“మీ చేతులు కలవకపోతే నా నడుం అబద్ధమాడినట్టా? నొప్పెక్కడో నన్నడిగిన పాపాన పోయారా?” అంది అక్క.

ఆ రెండోవాణ్ణి నేనే. నా వేలికి ఏమీ తెలియలేదు. తెలిసినట్టు రిపోర్టు మీద సంతకం పెట్టాను.

ఆ సంగతి మిల్లు గేటు ముందు ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా ఆమెకు తేలికపని ఇవ్వనని మేనేజరు ముందే చెప్పేశాడు. అయినా రేపు ఉదయం ఎనిమిదింటికి, ఆమె బస్తా ఎత్తకముందే, అందరూ రండి.