ఈరప్ప రాజ్‌దూత్

ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా టీ తాగుతున్న వీరేష్, గ్లాసు చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాడు.

రోడ్డుకు అవతల, బట్టల కొట్టు నీడలో నిలబెట్టి ఉన్న బండి వాళ్ల నాన్నది.

ఎర్ర రాజ్‌దూత్ త్రీఫిఫ్టీ. రెండు సైలెన్సర్లు. ఒకప్పుడు ఆ శబ్దం వినగానే ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు గేటు తెరిచేవాళ్లు, ఫిట్టరు ఈరప్ప వస్తున్నాడని. ట్యాంకుకు కుడివైపున సొట్ట ఉంది. ఆలూరు రోడ్డులో ఎద్దుల బండిని గుద్దుకుని పడినప్పటి సొట్ట అది. ఆ రోజు ఐదేళ్ల వీరేష్ ఆ ట్యాంకు మీదే కూర్చుని ఉన్నాడు.

రోడ్డు దాటి, బండి ముందు వంగి, హ్యాండిలు కింద చాసీ మీద కొట్టిన నంబరును బొటనవేలితో తుడిచాడు. ఆర్‌సీలోని నంబరు అతనికి నోటికి వచ్చు. చివరి అంకె దాకా సరిపోయింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు అమ్మ గుర్తొచ్చింది.

మూడేళ్లుగా ఇంట్లో ఆయుధపూజ అంటే గొడవే. బసమ్మ పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని గడప దాటి వస్తుంది. అటూ ఇటూ చూస్తుంది. “మీ నాయన బండి యాడరా? దానికి తప్ప నేను దేనికీ బొట్టు పెట్టను” అంటుంది. వీరేష్ విసుక్కుంటాడు. ఆవిడ పళ్లెంతోనే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటుంది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినరు.

దసరా ఇంకా నాలుగు రోజులుంది. ఈసారి ఆ పళ్లెం వెనక్కి పోకూడదు.

కొట్టులోంచి ఓనరు ఉదయ్ నవ్వుతూ వచ్చాడు.

“బాగుంది గదన్నా?”

“ఈ బండి నీకు యాడిది?”

“ఆదోని ఇక్బాల్ బాయ్ ఇచ్చినాడు. ఆరేండ్లు ఆయన సుట్టూ తిరిగినా. ఇంకా కాలే, ఇంకా కాలే అంటాండె. ఇప్పుడు సూడు, ఒక్కొక్క బోల్టు అసలుదే. కాయితాల్లేవు గాని, నేనేమన్నా రోడ్డెక్కిస్తానా? రోజూ సూసుకునేకి పెట్టుకున్నా.”

“ఇది మా నాయన బండి. నాకిచ్చెయ్.”

ఉదయ్ నవ్వబోయి, అతని మొహం చూసి మానుకున్నాడు. “ఎవురిదైతే నాకేమన్నా? నేను దొంగిలిస్తినా? ప్రాణమన్నా ఇస్తా గాని దీన్ని ఇయ్యను. పోయి ఇక్బాల్ బాయ్‌ని అడుగు పో.”

ఆ పేరు వినగానే వీరేష్‌కు కడుపు మండిపోయింది. ఇంకెవడైనా అయితే తట్టుకునేవాడేమో. ఇక్బాల్ నాన్నకు ప్రాణస్నేహితుడు. నాన్న పాడె మోసినవాడు. ఆ తర్వాత వీరేష్‌కు సగం ఇల్లు ఆయన మెకానిక్ షెడ్డే. ఆదోనిలో బండికి ఆల్ట్రేషన్ చేయించడమంటే వీరేష్ తర్వాతే ఎవరైనా. అతని నల్ల బండికి ట్రాక్టరుకు సరిపోయేంత టైరు, చేతులు చాపితే గాని అందని హ్యాండిలు, చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచే శబ్దం. దాని వీడియోలు హొళగుంద నుంచి సి.బెళగల్ దాకా కుర్రాళ్ల ఫోన్లలో తిరుగుతుంటాయి. ఆ పనితనమంతా ఇక్బాల్‌దే. అలాంటి మనిషి ఇంత పని చేస్తాడా?

ఆదోని దాకా వీరేష్ తనలో తాను తిట్టుకుంటూనే వచ్చాడు. షెడ్డు ముందు బండి ఆపాడు. ఇక్బాల్ పీట మీద కూర్చుని ఆకురాయితో ఏదో అరగదీస్తున్నాడు.

“ఉదయ్ కాడుండే బండి ఎవురిది మామా?”

ఇక్బాల్ తలెత్తలేదు. “మీ నాయనది.”

అబద్ధమాడతాడనుకున్నాడు వీరేష్. దానికి తగ్గ మాటలన్నీ దారిలోనే సిద్ధం చేసుకున్నాడు. అవేవీ పనికిరాకుండా పోయాయి.

“నేనేమన్నా అమ్మినానా?”

“లేదు.”

“ఆర్‌సీ ఈ పొద్దుటికీ నా బీరువాలోనే ఉంది. మరి నువ్వెట్ల ఇస్తివి పరాయోనికి? ఎవుర్నడిగి ఇస్తివి?”

పక్క షెడ్లవాళ్లు పనులాపి చూస్తున్నారు.

“నాయన పోయినాక నిన్నే నాయన అనుకుంటి గద మామా. మాయమ్మ మూడేండ్ల నుంచి అడుగుతాంది. ఆ యమ్మకు నేనేమని సెప్పేది? మీ ఆయన బండిని ఆయన దోస్తే మాయం జేసినాడని సెప్పనా? నువ్వు దొంగవి. స్టేషన్‌కు పోతాండా నేను.”

దొంగ అనే మాటకు ఇక్బాల్ ఆకురాయి కింద పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, చాలాసేపు. ముప్ఫై ఐదేళ్ల షెడ్డులో ఆ మాట ఆయన్ను అన్నవాళ్లు లేరు. లేచేటప్పటికి ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“పద, నేనూ వస్తా. ఆడ ఎస్సైకి నువ్వే సెప్పు,” అంటూ బయటికి వచ్చి, వీరేష్ ఎక్కి వచ్చిన నల్ల బండి మీద చెయ్యి వేశాడు. “ట్యాంకు పారెయ్ మామా, ఇంజను పారెయ్ మామా, కడాకు చాసీ గూడ పారెయ్ మామా అని పదేండ్లు ఈ బండిలోనించి నువ్వు నాతో ఊడబీకించినవన్నీ మళ్ల ఒకసోట బిగిస్తేనే గదప్పా, మీ నాయన బండి అయ్యింది.”