కొమురెల్లి తనిఖీ

"ఏం తీసుకున్నాడో చెప్పండి. గంజాయా? ఇంకేదైనానా?" డాక్టర్ సంధ్యారాణి గట్టిగా అడిగింది.

ఆస్పత్రి గది లోపల ఉపేందర్‌కు ఒళ్లు కాలిపోతోంది. ఫిట్స్ ఆగడం లేదు.

"నా కొడుకు బీడీ గూడ ముట్టడు మేడం. ఎండకు వడదెబ్బ తగిలింది, అంతే," అన్నాడు కొమురెల్లి.

ఆ మాట అనే హక్కు గోదావరిఖనిలో తనకే ఉందనుకున్నాడు. బొగ్గుబావిలోకి దిగే ప్రతివాడి జేబులూ తడిమి, బీడీలూ అగ్గిపెట్టెలూ పట్టుకోవడమే అతని డ్యూటీ. అలాంటి మనిషి ఇంట్లో మత్తుమందా?

డాక్టర్ విసుగ్గా లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడే ఒక పెద్దమనిషి ఆయాసపడుతూ వరండాలోకి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఉపేందర్ ఏ రూముల ఉన్నడన్నా? డాక్టర్‌ను జల్ది కలవాలె."

"నువ్వెవలు?"

"తర్వాత చెప్త. ముందుగాల లోపటికి పోనియ్యి."

కొమురెల్లికి అనుమానమొచ్చింది. అనుమానమొస్తే అతని చేతులు ఊరుకోవు. అంగీ, నడుము, జేబులు అన్నీ తడిమాడు.

చిన్న ప్లాస్టిక్ కవరు బయటపడింది. అందులో పోస్టు స్టాంపుల్లాంటి రంగురంగుల కాగితం ముక్కలున్నాయి.

"ఏందిరా గివి?"

"మత్తు కాగితాలన్నా. నీ కొడుకు నాలుక కింద పెట్టుకున్నది గిదే. ఎల్‌ఎస్‌డీ అని అమ్ముతరు, కాదు. ఎన్‌బోమ్ అంటరట. గా పేరు డాక్టర్‌కు..."

పేరుతో సహా తెలిసినవాడు అమ్మేవాడు గాక ఇంకెవడు?

కొమురెల్లి అతని చెంప ఛెళ్లుమనిపించాడు. పక్కనే ఉన్న అతని బావమరిది ఎల్లేశం ఆ మనిషి కాలర్ పట్టుకుని గోడకు నెట్టాడు.

"నన్ను తర్వాత కొట్టుండ్రి! ముందు గా కవరు డాక్టర్‌కు చూపియ్యుండ్రి!"

"బావా, చూపిస్తే కేసయితది. పిలగాని నౌకరి పోతది," ఎల్లేశం చెవిలో గొణిగాడు.

ఉపేందర్‌కు బావిలో నౌకరి వచ్చి ఏడాది కూడా కాలేదు. కొమురెల్లి క్షణం తటపటాయించాడు. తర్వాత బాత్రూంలోకి వెళ్లి, ముక్కలన్నీ కమోడ్‌లో వేసి నీళ్లు వదిలేశాడు.

ఎల్లేశం ఆ మనిషిని ఈడ్చుకుపోయి ఠాణాలో అప్పగించాడు.

సాయంత్రం డాక్టర్ బయటికి వచ్చింది.

"పోయాడు. ఏం తీసుకున్నాడో తెలిసుంటే బతికించేవాళ్లమేమో."

కొమురెల్లి అక్కడే కూలబడ్డాడు.

ఠాణా నుంచి ఎల్లేశం పరుగెత్తుకొచ్చాడు.

"బావా... ఆయన అమ్మేటోడు గాదే. రామకృష్ణాపూర్ల మన పిలగాని దోస్తు రిచర్డ్ లేడా? వాళ్ల నాయిన, జ్ఞానయ్య."

"మరి రిచర్డ్ ఏడి?"

"నిన్న ఇద్దరు కలిసే పెట్టుకున్నరట. రిచర్డ్ పొద్దుగాలనే పాణం ఇడిసిండు."

కొడుకు శవాన్ని ఇంట్లో చుట్టాలకు అప్పజెప్పి, పోతూ పోతూ వాడు చెప్పిన ఆ పేరునూ వాడి జేబులో మిగిలిన ముక్కలనూ పట్టుకుని, జ్ఞానయ్య ఉపేందర్‌నన్నా బతికించుకుందామని వచ్చాడు.